తప్పెట నుంచి టీవీ దాకా: సర్కారు మాట పల్లెకు చేరిన దారి

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంఘ మిత్రులు అడిగారు. రాజుల గురించి, శాసనాల గురించి రాయగలవారు మన సభ్యుల్లోనే కొందరున్నారు. కనుక ఆ జోలికి పోకుండా, మనమంతా ఏదో ఒక శాఖలో కొంతకాలం మోసిన బరువును గురించి రాద్దామనుకున్నాను. అదే ప్రచారం. ఈ రోజుల్లో కాలేజీల్లో దీన్ని పబ్లిక్ రిలేషన్స్ అని, మార్కెటింగ్ కమ్యూనికేషన్స్ అని పెద్ద పేర్లతో చెబుతున్నారు. దానికొక ప్రణాళిక ఉండాలంటారు. ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి, చెప్పింది చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని ముందే కాగితం మీద వేసుకోవాలట. మన పిల్లలు, మనవలు ఎం.బి.ఏ.లో ఇదే చదువుతున్నారు. వాళ్ళ పుస్తకాల్లో ఉదాహరణలన్నీ సబ్బులవి, కూల్‌డ్రింకులవి. ఇంతకన్నా కష్టమైన సరుకును, అంటే టీకాను, ఆపరేషన్‌ను, పలకా బలపాన్ని, ఎండిన కొండల నడుమ ఉన్న రాయచోటి వంటి తాలూకాల్లో ఇంటింటికీ మోసినవారు మన సంఘంలోనే ఉన్నారు. ఆ పని ఎక్కడ ఫలించింది, ఎక్కడ బెడిసింది అన్నది చూస్తే ఒకటి కనిపిస్తుంది. మాట ఎంత బాగా చెప్పారన్నదాని కన్నా, చెప్పినవాణ్ణి పల్లె నమ్మిందా లేదా అన్నదే ఎప్పుడూ తేల్చింది.

రాయచోటికి పాతపేరు రాచవీడు. మాండవ్య నది ఒడ్డున వీరభద్రస్వామి గుడి చుట్టూ పెరిగిన ఊరు. కర్ణాటక నుంచి కూడా స్వామిని కొలిచేవారు తరతరాలుగా వస్తున్నారు. అక్కడి వారిలో రాచోటప్ప, రాచోటయ్య అనే పేర్లు అందుకే ఉన్నాయి. ఊళ్ళో తెలుగు ఎంత వినబడుతుందో చాలా ఇళ్ళల్లో ఉర్దూ అంత వినబడుతుంది. కడప నుంచి రావాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగాలి. సంగటి ముద్ద తిని కూలికి పోయే జనం, వానను నమ్ముకున్న చెనక్కాయ పైరు. ఇటువంటి చోటికి మద్రాసులోనో, తర్వాత హైదరాబాదులోనో పుట్టిన మాట చేరాలంటే ఎన్ని చేతులు మారాలో ఆలోచించండి.

ఆ చేతుల్లో ఆఖరిది తప్పెట పట్టుకున్న చెయ్యి. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలయ్యే చాటింపు వినని వారు మన తరంలో ఉండరు. జమాబందికి దొరగారు వస్తున్నా, చెరువు కింద చేపలు వేలం వేస్తున్నా, పన్ను బకాయికి ఎవరి పొలమో జప్తు అవుతున్నా తప్పెట మోగాల్సిందే. ఇది వాడుక మాత్రమే కాదు, చట్టం కూడా. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు 54వ రూలు చూడండి. స్థిరాస్తి జప్తు ఉత్తరువును ఆ ఆస్తి దగ్గర తప్పెట వేసి గానీ, ఆ ప్రాంతపు వాడుక ప్రకారం మరో విధంగా గానీ చాటాలి, ఒక నకలు అందరికీ కనబడేచోట అంటించాలి అని ఉంటుంది. రెవిన్యూలోనో కోర్టులోనో పనిచేసిన మిత్రులకు ఇది కంఠతా వచ్చు. చదువురాని వాడికి చెవి, వచ్చిన వాడికి కాగితం! రెండు దారులూ ఒకే రూలులో పెట్టారంటే ఆ రాసినవారు జనాన్ని ఎరిగినవారే.

తప్పెటలో మరో సుగుణం ఉంది. అది ఏ వీధినీ వదలదు. కరణం ఇంటి ముందు, మసీదు వీధిలో, ఊరి చివర వాడలో ఒకే మాట. వినలేదని చెప్పడానికి ఎవరికీ వీలుండదు. కానీ లోపం కూడా దానిలోనే ఉంది. తప్పెట చెబుతుంది గానీ వినదు. "ఈ పొలం మా అన్నది కాదు, నాది" అని ఎవరైనా మొత్తుకుంటే ఆ వెట్టివాడు చేయగలిగింది లేదు. పైగా ఆ మాట మోసేవాడికే ఆ కాగితంలో ఏముందో చదవడం రాని రోజులవి. ఊరందరికీ మాట చేర్చి తాను మాత్రం ఊరి చివర ఉండిపోయిన మనిషి. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది.

వినడం అనే రెండో సగాన్ని మన సీమలో మొదట పట్టించుకున్న అధికారి ఎవరంటే థామస్ మన్రో పేరే చెప్పాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. కచేరీలో కూర్చుని రైతుల్ని పిలిపించుకోకుండా, గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. దుబాసీని నడుమ పెట్టుకోకుండా మాట్లాడేంత దేశభాష నేర్చాడు. పిల్లలకు మున్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని మన పెద్దలు చెప్పే మాట ఆయన గురించే. అయితే ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. పాళెగాళ్ళను అణచింది, పన్ను గట్టిగా పిండింది కూడా ఆయన హయాములోనే. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఎక్కడుందంటే, విన్నదాన్ని పైకి రాశాడు. 1807లో వెళ్ళిపోతూ ఈ జిల్లాల శిస్తు నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. మద్రాసు వారు అప్పట్లో చెవిన పెట్టలేదు. 1820లో గవర్నరై తిరిగి వచ్చాకగానీ ఆ మాటకు బలం రాలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, అదీ పర్యటనలో ఉండగానే. పబ్లిక్ రిలేషన్స్‌ను ఒక వృత్తిగా నిలబెట్టిన అమెరికా వాడు ఎడ్వర్డ్ బెర్నేస్ తన పుస్తకం వేసింది 1923లో. జనం మాట పైకి చేరాలన్న జ్ఞానం మన గుడారాల్లో అంతకు నూరేళ్ళ ముందే ఉంది.

అదే కాలంలో టీకా వచ్చింది. 1802లో బొంబాయిలో మొదటి టీకా పడింది. మశూచిని అమ్మవారుగా కొలిచే దేశంలో, ఆవు పొక్కులోని రసాన్ని చేతికి ఎక్కించుకోమంటే ఎవరొప్పుకుంటారు? మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు తమిళ భాషలకు వేరే కుదురు ఉందని 1816లో లోకానికి చూపిన పండితుడే, దీనికొక ఉపాయం చేశాడు. శక్తికీ ధన్వంతరికీ నడుమ సంభాషణగా ఒక గ్రంథం అల్లి, ఆవు ఇచ్చిన ఈ రసం అమ్మవారి అనుగ్రహమేనని అందులో చెప్పించాడు. జనం భాషలో, జనం నమ్మకంలో చెప్పాలన్న తెలివి మెచ్చుకోదగిందే. కానీ పాతదని నమ్మించడానికి కొత్తగా పురాణం పుట్టించడం నాకు నచ్చదు. మంచి మందుకు అబద్ధపు చీటీ అంటించినట్టే కదా. బయటపడిన నాడు మందు మీద కూడా అనుమానం వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ప్రచారానికి యంత్రాలు వచ్చాయి. ఈ భాగం అందరికీ తెలిసిందే గనుక త్వరగా దాటుతాను. మద్రాసు నుంచి 1938లో, విజయవాడ నుంచి 1948లో తెలుగు రేడియో మాట్లాడింది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక మన జిల్లాకు సొంత గొంతు దొరికింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెడితే సాయంత్రం జనం చేరేవారు. తంజావూరు వైపు ఏ.డి.టి. 27 అనే వరి రేడియో ద్వారానే రైతులకు తెలిసి, జనం నోట రేడియో వరి అయిపోయింది. సమాచార శాఖ వ్యాను వచ్చి బడి గోడకు తెల్లగుడ్డ కట్టి ఫిలిమ్స్ డివిజన్ రీళ్ళు వేసేది. పిల్లలు సినిమా అనుకుని పరిగెత్తుకొచ్చేవారు. బుర్రకథ దళాలు పంచవర్ష ప్రణాళికలను కూడా కథగా చెప్పేవి. తందాన తాన నడుమ ఎకరాలు, టన్నులు లెక్క చెప్పడం వినడానికి వింతగా ఉండేది గానీ, కథకుడు సమర్థుడైతే జనం లేచిపోయేవారు కారు.

ఇక అసలు పరీక్ష కుటుంబ నియంత్రణ. 1952లోనే దీన్ని ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనది. తొలి పదేళ్ళు పోస్టర్లలో చిన్న కుటుంబం సుఖం అని రాసేవారు. చిన్న అంటే ఎంత? ఆరుగురున్న ఇంట్లో నలుగురు చిన్నే. 1960ల రెండో సగంలో ఢిల్లీలోని కుటుంబ నియంత్రణ శాఖలో పనిచేసిన దీప్ త్యాగి అనే అధికారి ఈ చిక్కు పట్టుకున్నాడు. దేశమంతటికీ ఒకే గుర్తు, ఒకే మాట ఉండాలన్నాడు. గుర్తు, తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం. మాట, ఇద్దరు లేక ముగ్గురు బిడ్డలు చాలు అని. పక్కన అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, నాలుగు ముఖాలు. చదువు రాకపోయినా త్రికోణం గుర్తుపట్టొచ్చు, అంకె లెక్కపెట్టొచ్చు. రైలు స్టేషన్లు, బస్సులు, ఆసుపత్రులు, పల్లె గోడలు, ఎక్కడ చూసినా అదే. తర్వాత ఇద్దరు లేక ముగ్గురు కాస్తా ఇద్దరే అయ్యారు. మేమిద్దరం మాకిద్దరు అన్న మాట సామెతలా అయిపోయింది. ప్రచారం పాఠాలు చెప్పే మాస్టార్లు ఎవరైనా సరే దీనికి మార్కులు తగ్గించలేరు.

మాట చెప్పి ఊరుకోలేదు, సరుకు కూడా చేర్చారు. 1968లో నిరోధ్‌ను మూడింటికి 15 పైసల చొప్పున అమ్మడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో అడగడానికి సిగ్గుపడతారని, టీపొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీ సెల్లులు అమ్మే పెద్ద కంపెనీల వ్యాన్లలోనే దాన్ని పల్లె అంగళ్ళకు పంపారు. బ్రూక్‌బాండ్, లిప్టన్, హిందుస్తాన్ లీవర్, యూనియన్ కార్బైడ్ వంటివి ఇందులో పాలుపంచుకున్నాయి. సోషల్ మార్కెటింగ్ అనే పేరు అమెరికా ప్రొఫెసర్లు కోట్లర్, జాల్ట్‌మన్ పెట్టింది 1971లో. పేరు పుట్టకముందే మూడేళ్ళుగా మన సంత అంగట్లో ఆ పని నడుస్తోంది. ఇది మన మనవలకు చెప్పదగిన సంగతి.

1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో కలెక్టరు కృష్ణకుమార్ నడిపిన వేసెక్టమీ శిబిరం మరో మెట్టు. ఒక్క నెలలో 63 వేలకు పైగా ఆపరేషన్లు. తిరునాళ్ళలాగా అలంకరణలు, పాటలు, నాటకాలు. వచ్చినవారికి డబ్బు, బహుమానాల సంచి. పంచాయతీ వారీగా ఏ రోజు ఎవరు రావాలో ముందే లెక్క. పక్కా ప్రణాళిక అంటే అది. దేశమంతా దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది, మిగతా రాష్ట్రాలు నకలు తీశాయి. నకలు తీసినవారికి ఊరేగింపు కనబడింది, అంకె కనబడింది. తీరిగ్గా ఇంటింటికీ తిరిగి ఒప్పించిన నెలలు కనబడలేదు.

ఆ అంకె పిచ్చి 1976లో ఎక్కడికి పోయిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎమర్జెన్సీలో కొత్త జనాభా విధానం ఏప్రిల్‌లో వచ్చింది. టార్గెట్ అనే మాట అన్ని శాఖలకూ అంటుకుంది. బడిపంతులుకు కేసులు, రెవిన్యూ వారికి కేసులు. కొన్ని రాష్ట్రాల్లో కోటా నింపని ఉద్యోగుల జీతాలు ఆపారని తర్వాత షా కమిషన్ రికార్డు చేసింది. దేశం మొత్తం మీద 1975-76లో దాదాపు 27 లక్షలున్న ఆపరేషన్లు 1976-77లో దాదాపు 83 లక్షలకు ఎగబాకాయి. మరుసటి ఏడు, అంటే ఎన్నికలైన తర్వాత 1977-78లో, పది లక్షలు కూడా లేవు. ఆ మూడు అంకెలు ఒక వరుసలో రాసుకుని చూడండి. పదేళ్ళపాటు గోడల మీద, రేడియోలో, నర్సమ్మ నడకలో కూడబెట్టిన నమ్మకం ఒక్క ఏడాదిలో ఖర్చయింది. శాఖ పేరును కుటుంబ సంక్షేమం అని మార్చాల్సి వచ్చింది. పోస్టరు మీద త్రికోణం అదే ఎరుపు, అవే నాలుగు ముఖాలు. కానీ చూసేవాడికి దానిలో జీపు కనబడుతోంది.

ఆ దెబ్బ ఎవరి మీద పడిందంటే ఆడవాళ్ళ మీద. 1976-77లో జరిగిన ఆపరేషన్లలో ఎక్కువ భాగం మగవారివే. ఆ తర్వాత వేసెక్టమీ అంటేనే మగవాళ్ళు ఆమడ దూరం పోయారు. భారమంతా ట్యూబెక్టమీ రూపంలో ఇంటి ఇల్లాలి కడుపు మీదికి వచ్చింది, ఈనాటికీ అక్కడే ఉంది. మన రాష్ట్రం ఈ విషయంలో ముందుందని ఢిల్లీలో పొగిడారు. 1998-99 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానం 2.25కు దిగింది, 2005-06కు 1.8 అయింది. ఈ ఘనత పోస్టరుది కాదనే నా ఉద్దేశం. ఎండలో మైళ్ళు నడిచి, తలుపు తట్టి, తిట్లు తిని, మళ్ళీ మరో వారం వెళ్ళిన ఏ.ఎన్.ఎం.లది. కాన్పు చేసిన చేత్తోనే ఆమె సలహా చెప్పింది. ఆమె మాట జీపు మాట కాదని ఇల్లాళ్ళకు తెలుసు. రాయచోటిలో ఆమె ఒక గడపలో తెలుగు, పక్క గడపలో ఉర్దూ కలిపి మాట్లాడాల్సి వచ్చేది. ఆ భాష ఏ ట్రైనింగు సెంటరులోనూ నేర్పలేదు.

ఎమర్జెన్సీ కాలానికే చెందిన మరో ప్రచారం పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అది మశూచి వేట. మనలో కొందరు అందులో తిరిగారు. ఎల్లిస్ కాలంలోలాగా పురాణాలు చెప్పలేదు. పొక్కులున్న బిడ్డ ఫొటో ఉన్న అట్టముక్క ఒకటి చేతికిచ్చారు. సంతలో, బడిలో, ఇంటింటా దాన్ని చూపించి "ఇలాంటిది ఎక్కడైనా చూశారా?" అని అడగడమే పని. చూపినవారికి బహుమానం. అది పెరుగుతూ పోయి 1975లో వెయ్యి రూపాయలైంది. నాకు నచ్చిన భాగం ఏమంటే, వెనక నుంచి మరో జట్టు వచ్చి, ఆ పటం మీకెవరైనా చూపారా, బహుమానం సంగతి విన్నారా అని జనాన్నే అడిగేది. అంటే చెప్పామని రిజిస్టరులో రాసుకోవడంతో సరిపెట్టలేదు, చేరిందా అని చూశారు. 1975 మేలో దేశంలో ఆఖరి కేసు. 1977లో దేశం మశూచి లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఒకే కాలం, ఒకే సర్కారు. ఒకచోట ఉద్యోగిని అడగమని పంపారు, ఇంకోచోట పట్టుకురమ్మని పంపారు.

1984లో రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవలసిందే, దానికి విచారించేవాణ్ణి కాను. కానీ సర్కారుకు పల్లెలో ఉన్న పాత నోరు ఒక్కసారిగా మూతబడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. లక్కిరెడ్డిపల్లె, గాలివీడు, సంబేపల్లె, చిన్నమండెం వంటి చోట్లకు ఎమ్మార్వో ఆఫీసు దగ్గరైంది. ఆఫీసు దగ్గరయితే మాట దగ్గరవుతుందనుకున్నారు. కొంత అయింది కూడా.

ఆ ఏళ్ళలోనే సర్కారు పల్లెకు చేర్చిన సరుకు మరొకటుంది. వారుణి వాహిని పేరుతో ప్లాస్టిక్ పాకెట్లలో సారా. పేరు చూడండి, ఎంత కవితాత్మకంగా ఉందో! మార్కెటింగ్ లెక్కన చూస్తే దీనికి వంక పెట్టలేం. కొలత తప్పని పాకెట్టు, జేబులో పట్టే సైజు, మారుమూల తండాకు కూడా సరఫరా, ఏటేటా వేలంపాట. మంచినీళ్ళు రాని ఊరికి కూడా పాకెట్టు వచ్చేదని ఆడవాళ్ళు వాపోయేవారు. ఖజానాకు రాబడి, కాంట్రాక్టరుకు లాభం, ఇంట్లో పొయ్యి చల్లన.

అప్పుడే మరో శాఖ, అదే సర్కారు డబ్బుతో, అక్షరాస్యత ఉద్యమం మొదలుపెట్టింది. మనకు ఆనుకుని ఉన్న నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో అది ఊపందుకుంది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, వీధి నాటకాలు, రాత్రిళ్ళు లాంతరు కింద చదువు. చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడు వల్ల చెడిపోయిన సంసారం గురించి. పాఠం రాసినవారి ఉద్దేశం అక్షరాలు నేర్పడం. చదివినవారు అక్షరాల కన్నా ముందుకు పోయారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ సంగతే మళ్ళీ పాఠమై తర్వాతి పుస్తకంలోకి ఎక్కి పక్క ఊళ్ళకు చేరింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఈనాడు పత్రిక సారాపై సమరానికి రోజూ చోటు కేటాయించింది. ఉద్యమం రాయలసీమ జిల్లాలకు కూడా పాకింది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ కథ వేరు.

ఆనాటి ఉద్యోగుల అవస్థ ఒకసారి తలుచుకోవాలి. ఉదయం ఎక్సైజు వారికి వేలం బందోబస్తు, సాయంత్రం అదే ఊళ్ళో అక్షర దీపం సభ. ఒకే కలెక్టరేటులో రెండు ఫైళ్ళు, ఒకదాన్ని ఒకటి కొట్టేవి. ప్రచార ప్రణాళిక రాసే పెద్దలు సాధారణంగా తమ శాఖ ఏం చెబుతోందో చూసుకుంటారు. పల్లెవాడికి శాఖలు లేవు, ఒకటే సర్కారు. దాని ఎడమచెయ్యి పాకెట్టు ఇస్తోంది, కుడిచెయ్యి పలక ఇస్తోంది. నెల్లూరు ఆడవాళ్ళు ఏ చేతిని పట్టుకోవాలో తామే తేల్చుకున్నారు. ఏ ఫైలులోనూ అది రాసి లేదు.

ఇక తప్పెట మనిషి సంగతి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. తమ ఉద్యమానికి వారు పెట్టుకున్న పేరు దండోరా, పట్టుకున్న వాయిద్యం డప్పు. తరతరాలుగా కరణం మాట, కలెక్టరు మాట, కోర్టు మాట మోసిన ఆ చర్మవాద్యం మీద మొదటిసారి తమ మాట తామే వేశారు. ఎక్కడా ఏ ప్రచార సంస్థ ఆ గుర్తును తయారు చేసి ఇవ్వలేదు. ఊరూరా వినిపించింది, ఢిల్లీ దాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళకు, 2024 ఆగస్టు 1న, ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వర్గీకరణ మీద మన సభ్యుల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి, ఉండొచ్చు. నేను చెబుతున్నది తప్పెట గురించి మాత్రమే. దాన్ని వాయించిన చెయ్యి అదే, చెప్పించే నోరు మారింది.

తర్వాత టీవీ వచ్చింది, 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. ఆ తర్వాత చేతిలో ఫోను. మన పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్టు కూడా 2014 నవంబరు నుంచి వేలిముద్రతో డిజిటల్‌గా ఇచ్చే ఏర్పాటు కేంద్రం చేసింది. సమాచారం ఫోనులో వస్తుంది గానీ, వేలిముద్ర అరిగిపోయిన ముసలాయన ఇంటికి మెషిన్ పట్టుకుని ఒక మనిషి రావాల్సిందే. మన సంఘం కుర్రవాళ్ళు, అంటే అరవై దాటినవారు, ఏటా ఆ పని చేస్తూనే ఉన్నారు.

చివరగా ఒక విచిత్రం. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని నిబంధన పెట్టారు. ఆ త్రికోణానికి చట్టం ముద్ర పడినట్టే. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు, రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని పిలుపునిచ్చారు. నవంబరులో ఆ నిబంధనను శాసనసభ ఎత్తేసింది. పెరిగిపోతున్న వృద్ధులంటే మనమే గనుక నవ్వుకోవాలో నొచ్చుకోవాలో తెలియలేదు. నలభై ఏళ్ళు ఇద్దరు చాలని చెప్పించిన సర్కారు ఇప్పుడు ముగ్గురు కావాలంటోంది. లెక్కలు నిజమే కావచ్చు, కాదనను. కానీ ఎమర్జెన్సీలో ఆపరేషన్ అయిన తాతకు, ట్యూబెక్టమీ చేయించుకున్న అవ్వకు, వాళ్ళ మనవరాలికి ఈ కొత్తమాట ఎవరో ఒకరు గడపలో నిలబడి చెప్పాలి. ఈసారి ఆ పని ఏ శాఖకు అప్పగిస్తారో, టార్గెట్ ఎంత వేస్తారో చూడాలి.